మొదటి రెండు నిమిషాలు

వెర్లన్ కెచమ్ ముప్ఫయ్యేళ్లుగా టిల్డన్ యూనివర్సిటీ ఆటలు చూస్తున్నాడు. ఆకురాలే కాలంలో ఫుట్‌బాల్, చలికాలమంతా బాస్కెట్‌బాల్. ఈ ముప్ఫయ్యేళ్లలో ఒక్కసారి కూడా టికెట్ మీద అచ్చేసిన ధర ఇచ్చి లోపలికి పోలేదు. గ్రీలీ క్రాసింగ్‌లో ఈ సంగతి తెలియనివాళ్లు లేరు. దాణా కొట్టు దగ్గర కనపడితే చాలు, “ఈసారి ఎంతకి కొట్టుకొచ్చావు వెర్లన్?” అని అడిగేవాళ్లు. బాగున్నావా అని అడగడం ఆ తర్వాతే.

అదొక విద్య అతనికి. టికెట్ అంటే ఇంకా కాగితంగా ఉన్న రోజులవి. వాన పడే రోజు, ఓడిపోతూ వస్తున్న జట్టు ఎదురుగా ఉన్న రోజు, థాంక్స్‌గివింగ్ పండక్కి విద్యార్థులంతా ఇళ్లకి పోయిన వారం, ఇవి మంచి రోజులు. గేటు దగ్గర నిలబడకూడదు. కార్లు ఆపుకునే మైదానం నుంచి జనం నడిచొచ్చే రైలు వంతెన కింద నిలబడాలి. రెండు టికెట్లు కావాలని రెండు వేళ్లు పైకెత్తాలి. నోరు తెరిచి అడగకూడదు. అమ్మేవాడు ధర చెప్తే అందులో మూడో వంతు చెప్పి, వెనక్కి తిరిగి పది అడుగులు వేయాలి. పది అడుగుల్లోపు వాడు పిలిస్తే వాడు మన చేతిలో పడ్డట్టు. అన్నిటికన్నా పెద్ద సూత్రం మరొకటి ఉంది. ఆట మొదలయ్యాక అమ్మేవాడి దగ్గర మిగిలిన టికెట్ ఎండలో పెట్టిన పాలలాంటిది. ఎంతొస్తే అంతకి వదిలించుకుంటాడు.

అందుకని వెర్లనూ అతని భార్య నొరీనూ ముప్ఫయ్యేళ్లలో ఏ ఆటా మొదటి నుంచి చూడలేదు. వాళ్లు మెట్లెక్కి పైకి చేరేసరికి ఫుట్‌బాల్ అయితే పావు ఆట అయిపోయి ఉండేది, బాస్కెట్‌బాల్ అయితే అయిదారు నిమిషాలు గడిచి ఉండేవి. బాస్కెట్‌బాల్ హాల్లో ఎక్కడి టికెట్ దొరికినా చివరికి వెళ్లి కూర్చునేది ఒకచోటే. పైకప్పు ఇనుప దూలం కింద, ఉత్తరం మూల, ఆఖరి వరస. ఆ మూల ఎప్పుడూ ఖాళీగానే ఉండేది. అక్కడినుంచి ఆటగాళ్లు చెకుముకి రాళ్లంత కనపడేవాళ్లు.

“మొదలెట్లా ఉంటుందో ఎప్పుడైనా చూపించు స్వామీ,” అనేది నొరీన్ నవ్వుతూ.

“మొదట్లో ఏముంటుంది, అందరూ సున్నాయేగా,” అనేవాడు వెర్లన్.

ఇక గారెట్ సంగతి. గారెట్ ఫ్లెక్ వాళ్ల పక్కింటి పిల్లాడు. పక్కిల్లంటే మధ్యలో నలభై ఎకరాల మొక్కజొన్న. ఫ్లెక్‌ల ఇల్లు వాగు పక్కన ఏటవాలు మీద ఉంది, బంతి కింద పడితే వాగులోకే పోతుంది. తొమ్మిదేళ్లప్పుడు వాడు చంకలో బంతితో చేను గట్టున నడిచొచ్చి, “వెర్లన్ మామా, మీ కొట్టం గోడకి ఒక రింగు కొట్టుకోనా?” అని అడిగాడు. ఎవరో పాత సామాన్లు అమ్ముతుంటే వెర్లన్ రెండు డాలర్లకి ఒక రింగు తెచ్చి గోడకి బిగించాడు. ఆ రోజు నుంచి తొమ్మిదేళ్లపాటు సాయంత్రమైతే ఆ గోడ మీద బంతి చప్పుడే. నొరీన్ వంటింట్లో గిన్నెలు కడుగుతూ, కిటికీలోంచి చూడకుండానే చెప్పేది. “పడింది.” “పడలేదు.” “అంచుకి తగిలి పడింది.” చప్పుడుని బట్టే తెలిసేది ఆమెకి. చీకటి పడ్డాక వాడు వెనక తలుపు దగ్గరికొచ్చి బూట్లు విప్పుకుని నిలబడేవాడు. అడవి పెర్సిమన్ పళ్లతో ఆమె చేసే పుడ్డింగ్ అంటే వాడికి ప్రాణం. కెచమ్‌లకి పిల్లల్లేరు. దాని గురించి వాళ్లు ఎక్కడా మాట్లాడేవాళ్లు కాదు.

గారెట్ టిల్డన్‌లో చేరాడు. స్కాలర్‌షిప్ లేకుండానే, బతిమాలుకుని జట్టులో చోటు సంపాదించాడు. అలాంటివాడు రోజూ సాధనలో అసలు ఆటగాళ్లకి అడ్డం నిలబడటానికి పనికొస్తాడు, ఆట రోజున బెంచి చివర కూర్చుంటాడు. గెలుపో ఓటమో తేలిపోయి, ఇరవై పాయింట్ల తేడా ఉన్నప్పుడు, ఆఖరి నిమిషంలో కోచ్ వాడి వైపు వేలు చూపిస్తాడు. అలా నాలుగేళ్లలో వాడు ఆడింది మొత్తం పద్నాలుగు నిమిషాలు. లెక్క నొరీన్‌ది. ఒక్కసారి కూడా బంతి బుట్టలో వేయలేదు. ఆ పద్నాలుగు నిమిషాలూ మొగుడూ పెళ్లాలు ఆ ఉత్తరం మూల నుంచి చూశారు. ఆలస్యంగా వెళ్లేవాళ్లే గానీ ముందుగా లేచి వచ్చేవాళ్లు కాదు.

మార్చి మొదటి శనివారం సొంత హాల్లో ఆఖరి ఆట. చదువైపోయి వెళ్లిపోయే పిల్లలకి అది వీడ్కోలు ఆట. ఆ దేశంలో ఏ కాలేజీలో చూసినా ఒక ఆనవాయితీ ఉంది. ఆ రోజు ఆఖరి ఏడాది పిల్లలే ఆట మొదలుపెడతారు. నాలుగేళ్లూ బెంచి అరగదీసినవాడైనా సరే, వాడి పేరు మైకులో చదువుతారు, వాడు పరుగెత్తుకుంటూ వచ్చి మధ్యలో నిలబడతాడు. ఒక నిమిషమో రెండు నిమిషాలో ఆడిస్తారు. మొదటి విజిల్ పడగానే అసలు ఆటగాళ్లు దిగుతారు, వీడు పోయి బెంచి మీద కూర్చుంటాడు. అంతే. కానీ ఆ రెండు నిమిషాల కోసం నాలుగేళ్లు కాచుకున్నవాళ్లు ఉంటారు.

ఆ మంగళవారం గారెట్ ఫోన్ చేశాడు. నొరీన్ కోళ్ల దగ్గర ఉంది, వెర్లన్ ఎత్తాడు.

“మామా, శనివారం వస్తున్నారుగా?”

“రాకుండా ఎక్కడికి పోతాంరా.”

“నాకిచ్చే నాలుగు టికెట్లూ మా అమ్మావాళ్లకి సరిపోయాయి. మా జట్టులో ఒకడిది అలాస్కా, వాడి వాళ్లెవరూ రావట్లేదు. వాడి దగ్గర రెండు మిగిలాయి. మీ పేరు మీద టికెట్ కిటికీ దగ్గర పెట్టించనా? కింద, మూడో వరస.”

వెర్లన్ నవ్వాడు. “ఒరేయ్, టికెట్ దొరక్క నేను ఏనాడైనా బయట నిలబడ్డానా? లోపలికెట్లా పోవాలో తెలియనివాడికి ఇప్పించు పో.”

“అది కాదు మామా, ఈసారి మొదట్లోనే...”

“తెలుసురా. నీ మొహం చూడ్డానికే వస్తున్నాం. నువ్వు బంతి సంగతి చూసుకో, టికెట్ల సంగతి నాకొదిలేయ్.”

ఫోన్ వచ్చిన సంగతి నొరీన్‌కి చెప్పాడు. మూడో వరస సంగతి చెప్పలేదు.

శనివారం పొద్దున్నుంచీ మంచూ వానా కలిసి పడుతోంది. ఎదురు జట్టు అప్పటికి పంతొమ్మిది ఆటలు ఓడిపోయి ఉంది. టిల్డన్ కూడా అంతంతమాత్రమే. వెర్లన్ ట్రక్కు నడుపుతూ అద్దం మీద వైపర్లు అటూ ఇటూ కదలడం చూసి లోపల్లోపల సంతోషపడ్డాడు. ఇలాంటి రోజు మళ్లీ దొరకదు. నొరీన్ పచ్చ స్వెటర్ వేసుకుంది, జట్టు రంగు. ఒళ్లో వెండి కాగితం చుట్టిన పుడ్డింగ్ పళ్లెం. ఆట రెండింటికి. ఒంటిగంటా పావుకల్లా ట్రక్కు ఆపి, పళ్లెం సీటు మీద పెట్టి, నడిచి హాలు దగ్గరికి వచ్చారు.

టికెట్ కిటికీ దగ్గర ఒక్కరు కూడా లేరు. లోపల కూర్చున్న అమ్మాయి గోళ్లు చూసుకుంటోంది. పైన బోర్డు మీద పద్దెనిమిది డాలర్లని ఉంది. నొరీన్ ఆగింది.

“వెర్లన్, ఈ ఒక్క రోజుకి ఇక్కడ తీసుకుందాం.”

“పద్దెనిమిదా! ఈ వానలో, ఆ జట్టు మీద? పిచ్చా నీకు?”

“నా గుడ్ల డబ్బులున్నాయి. నేనిస్తా.”

“డబ్బుల గురించి కాదే.”

నిజమే, డబ్బుల గురించి కాదు. ఆ ఏడాది అతను పెంచిన పందులు మంచి ధర పలికాయి. మరి దేని గురించి అని అడిగితే చెప్పగలిగేవాడు కాదు. నొరీన్ కిటికీ వైపు ఇంకోసారి చూసి, తల మీద టోపీ లాక్కుని, అతని వెనకే వంతెన వైపు నడిచింది. ఆమెకి ఎడమ మోకాలు నొప్పి. ఆ సంగతి అతనికి తెలుసు. అడుగు కాస్త తగ్గించాడు.

వంతెన కింద లూ ఉన్నాడు. మనిషి దుంగలా ఉంటాడు. చలికాలం టికెట్లు, ఎండాకాలం టపాకాయలు అమ్ముతాడు. వెర్లన్‌తో ఇరవై ఏళ్ల పరిచయం.

“రా రా ముసలి నక్కా!” అని అరిచాడు దూరం నుంచే. “నువ్వింకా చావలేదా?”

“నీ దగ్గర టికెట్లు మిగిలిపోతాయని ఆగాను,” అన్నాడు వెర్లన్ రెండు వేళ్లు పైకెత్తి.

“చూడమ్మా నొరీన్, ఈ మనిషితో ఎట్లా కాపురం చేస్తున్నావో గానీ, నీకు స్వర్గంలో మొదటి వరసలో సీటుంది. సరే, నీ కోసం పదిహేను. ఒక్కోటీ.”

“అయిదు.”

“అయిదుకి నీకు ఈ వంతెన కూడా రాదు.”

వెర్లన్ వెనక్కి తిరిగి నడిచాడు. పది అడుగులు. లూ పిలిచాడు. “పన్నెండు!” వెర్లన్ చెయ్యి ఊపి, వంతెన స్తంభానికి ఆనుకుని నిలబడ్డాడు. ఇక్కడినుంచి తొందరపడకూడదు.

నొరీన్ పక్కకొచ్చి నిలబడింది. “పన్నెండంటే మంచి ధరేగా.”

“ఇంకా దిగుతాడు.”

“జనం అంతా లోపలికి పోతున్నారు వెర్లన్.”

“పోనీ. ఇవ్వాళ మొదట్లో చాలా తతంగం ఉంటుంది. పిల్లల్ని ఒక్కొక్కర్నీ పిలుస్తారు, అమ్మలకి పువ్వులిస్తారు, కావలించుకుంటారు, ఫోటోలు. ఆ తర్వాత జాతీయ గీతం పాట. అదంతా అయ్యేసరికి ఎంత లేదన్నా రెండుంబావు అవుతుంది. అప్పుడు గానీ బంతి లేవదు.”

“నువ్వెప్పుడైనా చూశావా అదంతా?”

ఎప్పుడూ చూడలేదు. ఏ ఆటకి ఏ ధర పలుకుతుందో, ఏ గేటు కాపలావాడు మంచివాడో, ఏ వరసలో ఏ సీటు ఖాళీగా ఉంటుందో అన్నీ తెలిసినవాడికి, ఆట ఎట్లా మొదలవుతుందో మాత్రం తెలియదు. పువ్వులూ కావలింతలూ ఒంటిగంటా నలభైకే అయిపోయాయి. అతను స్తంభానికి ఆనుకుని నిలబడ్డ సమయంలోనే గారెట్ తల్లి డార్లా తెల్ల పువ్వు పట్టుకుని మధ్యలో నిలబడి ఏడ్చింది. బయటికి ఆ చప్పుడేమీ రాలేదు.

రెండింటికి అయిదు నిమిషాలుండగా లూ తనే దగ్గరికొచ్చాడు. వంతెన కింద జనం పలచబడ్డారు.

“పది. ఇంక దిగను. నా పెళ్లాం చేసిన సూప్ చల్లారిపోతోంది అవతల.”

“ఏడు.”

“నీయబ్బ, ఏడా!”

“వెర్లన్, పదికి ఇచ్చేయ్,” అంది నొరీన్. ఆమె గొంతులో ఏదో ఉంది. అతను ఆ గొంతు విన్నాడు గానీ వినిపించుకోలేదు. ఆమె భుజం తట్టి, “చూస్తూ ఉండు,” అన్నాడు. మళ్లీ వెనక్కి తిరిగాడు. ఒకటి, రెండు, మూడు. తొమ్మిది, పది. లూ పిలవలేదు. ఇద్దరు కుర్రాళ్లొస్తే వాళ్ల వైపు పోయాడు. వెర్లన్ తనలో తను నవ్వుకుంటూ కాలితో మంచు నొక్కుతూ నిలబడ్డాడు. పిలుస్తాడు, పిలవక ఎక్కడికి పోతాడు.

హాలు లోపలినుంచి పాట వినపడింది. వేల గొంతులు ఒక్కటై గోడలు దాటి వస్తే ఎక్కడో గాలి వీస్తున్నట్టుంటుంది. పాట అయిపోయింది. వెర్లన్ నొరీన్ వైపు కన్నుగీటాడు. ఇప్పుడు ధర సగానికి సగం పడిపోతుంది.

అప్పుడు గేటు పైనున్న మైకు గరగరలాడింది. ఒక పేరు. చప్పట్లు. ఇంకో పేరు. చప్పట్లు. అలా నాలుగు.

“ఇరవై నాలుగో నంబరు! మన పక్కనే, గ్రీలీ క్రాసింగ్ నుంచి... గారెట్ ఫ్లెక్!”

నొరీన్ అతని చేతి మీద చెయ్యి వేసింది. “వాడి పేరు వెర్లన్. వాడి పేరు చదివారు.”

లూ కూడా విన్నాడు. వాళ్ల వైపు వస్తూనే, “మీ ఊరివాడా?” అన్నాడు. “ఎనిమిది. పట్టుకెళ్లండి.”

“ఆరు,” అన్నాడు వెర్లన్.

అనాలని అనలేదు. ముప్ఫయ్యేళ్లుగా అన్న నోరు, దానంతట అదే అంది. అన్న తర్వాత విన్నాడు తన మాట.

లూ అతని వైపు చూడలేదు. నొరీన్ వైపు చూశాడు. రెండు టికెట్లు తీసి ఆమె అరచేతిలో పెట్టి వేళ్లు మూశాడు. “పోమ్మా, పో. పరుగెత్తు.” వెర్లన్ చేతికందిన పది డాలర్ల నోటు అతని చేతిలో కుక్కాడు. రెండిటికీ పది. వీడ్కోలు ఆటకి అంత చవగ్గా అతనెప్పుడూ కొనలేదు.

పరుగెత్తు అంటే పరుగెత్తే మోకాళ్లు కావవి. మంచు జారుతోంది. గేటు దగ్గర ఎర్ర కోటు ముసలాయన టికెట్ తీసుకుని, అటూ ఇటూ తిప్పి చూసి, జాగ్రత్తగా చింపాడు. ఆ చింపే క్షణంలోనే లోపలినుంచి ఒక్క అరుపు. హాలంతా ఒక్కసారి లేచి నిలబడ్డ అరుపు. నేల అదిరింది. వెర్లన్‌కి అలాంటి అరుపులు ఎన్నో తెలుసు, అది మామూలు బుట్టకి అరిచే అరుపు కాదు.

నొరీన్ ఆగిపోయింది. ముసలాయన చేతిలో సగం టికెట్, ఆమె చేతిలో సగం.

“పడింది,” అంది మెల్లగా.

అలవాటు కొద్దీ వాళ్లు ఉత్తరం మూలకే ఎక్కారు. దగ్గర్లో ఎక్కడో నిలబడి చూడొచ్చని ఇద్దరికీ తోచలేదు. పైకి చేరేసరికి గడియారం మీద రెండు నిమిషాల నలభై సెకన్లు ఖర్చయిపోయి ఉన్నాయి. కింద అసలు ఆటగాళ్లు ఆడుతున్నారు. బెంచి చివర గారెట్ కూర్చుని ఉన్నాడు, మెడ చుట్టూ తెల్ల తువ్వాలు. పక్కనున్నవాళ్లు వాడి తల నిమురుతున్నారు.

ముందు వరసలో ఒకాయన పాప్‌కార్న్ తింటూ వెనక్కి తిరిగాడు. “అయ్యో, ఇప్పుడా వస్తున్నారు! ఆ గ్రీలీ క్రాసింగ్ పిల్లాడు లేడూ, నాలుగేళ్లలో ఒక్కటీ వేయలేదంట. ఇందాక మూల నుంచి విసిరాడు చూడండీ, మూడు పాయింట్లది. రింగు అంచుకి కూడా తగలకుండా నేరుగా లోపల పడింది. కోచ్ కూడా ఎగిరాడు!”

“ఏ మూల?” అని అడిగాడు వెర్లన్.

“ఇదే మూల. మీ కిందే.”

నొరీన్ కోటు విప్పలేదు. చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చుంది.

ఆట చివరిదాకా నువ్వా నేనా అన్నట్టు సాగింది. మామూలుగా అయితే వెర్లన్‌కి అలాంటి ఆట పండగ. ఆ రోజు మాత్రం ఇరవై పాయింట్లతో గెలవనీ, లేదా ఓడనీ, ఏదో ఒకటి తేలిపోనీ అని దేవుణ్ని వేడుకున్నాడు. తేలిపోతే ఆఖరి నిమిషంలో కోచ్ వాడి వైపు వేలు చూపిస్తాడు. తేలలేదు. ఆఖరి నిమిషంలో నొరీన్ ముందుకి వంగి, మోకాళ్ల మీద చేతులు పెట్టుకుంది. బెంచి చివర గారెట్ కూడా అచ్చం అలాగే వంగి కూర్చున్నాడు. ఎవరూ వాడి వైపు చూడలేదు. టిల్డన్ నాలుగు పాయింట్లతో ఓడిపోయింది.

ఆట అయ్యాక ఆటగాళ్లు బయటికొచ్చే వసారాలో ఫ్లెక్ కుటుంబమంతా ఉంది. నొరీన్ ట్రక్కు దాకా పోయి పుడ్డింగ్ తెచ్చింది. పళ్లెం చల్లబడిపోయింది. గారెట్ తల తడిగా, బ్యాగు భుజాన వేసుకుని వచ్చాడు. డార్లా వాడి చెంప మీద ముద్దు పెట్టి, “చూశారా వీణ్ని? చూశారా?” అంది వీళ్లతో.

“చూడకపోవడమేంటి డార్లా,” అంది నొరీన్. వెర్లన్ ఆమె వైపు తిరిగాడు. ఆమె అబద్ధమాడగా అతనెప్పుడూ వినలేదు. “మొదటి నుంచీ ఉన్నాం. వాడి పేరు చదివితే ఇంత గట్టిగా అరిచాను, గొంతు పోయింది.”

గారెట్ నవ్వబోయి ఆగాడు. వాడి కళ్లు వెర్లన్ భుజాల మీదికి పోయాయి. కోటు మీద మంచు కరిగి నీళ్లు అప్పటికింకా ఆరలేదు. తర్వాత నొరీన్ మొహం మీదికి పోయాయి. ఒక్క ఊపిరి తీసుకునేంత సేపు.

“నాకు తెలుసత్తా,” అన్నాడు. “అది పడగానే నేను మన మూలకే చూశాను. ఇద్దరూ లేచి నిలబడి ఉన్నారు.”

“ఆఁ,” అంది నొరీన్. “నా మోకాలు చూడు, ఇంకా నొప్పి పుడుతోంది.”

“మామ టోపీ ఊపుతున్నాడు.”

“ఊపాడు,” అంది నొరీన్.

వెర్లన్ టోపీ చేతిలో పట్టుకుని నిలబడ్డాడు. పిల్లాడు చూశాడు. బంతి రింగులో పడగానే తలెత్తి చూశాడు, ఖాళీ బెంచీలు కనపడ్డాయి. చూసినవాడు ఇప్పుడు నిలబడి, తొమ్మిదేళ్లప్పుడు రింగు కొట్టుకోనా అని అడిగినంత మర్యాదగా, వీళ్ల అబద్ధాన్ని మోస్తున్నాడు. చెప్పేద్దామనుకున్నాడు వెర్లన్. మూడో వరస ఇస్తానంటే నేనే వద్దన్నాను కదరా, అని. నోరు తెరుచుకోలేదు. వంతెన కింద అంత తేలిగ్గా తెరుచుకున్న నోరే.

“బాగా విసిరావురా,” అన్నాడు.

“మీ కొట్టం దగ్గర నేర్చుకున్నదే మామా,” అన్నాడు గారెట్. పళ్లెం తీసుకుని, వెండి కాగితం మూల ఎత్తి వాసన చూశాడు.

ఇంటికి నలభై మైళ్లు. కోసేసిన మొక్కజొన్న మోళ్ల మీద మంచు పడుతూనే ఉంది. ధాన్యం గాదెలు దాటారు. అప్పుడు నొరీన్ అద్దంలోంచి బయటికి చూస్తూనే అంది.

“పేరు విన్నాక కూడా ఆరు అన్నావు వెర్లన్.”

కోపంగా అనలేదు. కోపంగా అని ఉంటే అతను ఏదో ఒకటి అనగలిగేవాడు. ఆ తర్వాత ఆ సంగతి ఆమె మళ్లీ ఎత్తలేదు, ఆ ఒక్కమాటే.

వేసవిలో గారెట్‌కి అయిదు రాష్ట్రాల అవతల ఒక హైస్కూల్లో ఉద్యోగం దొరికింది, లెక్కల మాస్టరుగా, పిల్లలకి బాస్కెట్‌బాల్ నేర్పడానికి కూడా. వెళ్లేముందు వచ్చి కాసేపు కొట్టం దగ్గర బంతి ఆడాడు. వెర్లన్ ట్రాక్టర్ కింద పడుకుని, విప్పాల్సిన అవసరం లేని బోల్టులు విప్పుతూ, ఆ చప్పుడు వింటూ ఉండిపోయాడు. వంటింట్లోంచి పడిందనీ పడలేదనీ ఎవరూ చెప్పలేదు. పోయేటప్పుడు వాడు వంగి, “వెళ్లొస్తా మామా,” అన్నాడు. అప్పుడైనా చెప్పి ఉండాల్సింది. “రోడ్డు జాగ్రత్త,” అని మాత్రం అన్నాడు.

నవంబర్‌లో కొత్త ఆటలు మొదలయ్యాయి. మొదటి ఆట రోజు వెర్లన్ గడ్డం గీసుకుని, “పోదామా?” అన్నాడు.

“నా వల్ల కాదు ఆ మెట్లు. నువ్వు పోయిరా,” అంది నొరీన్.

మెట్లెక్కనక్కర్లేదు, కింద తీసుకుంటాను అందామనుకున్నాడు. అనలేదు. గంట ముందే చేరాడు. వంతెన కింద లూ అరిచాడు, “ఏంటి ముసలి నక్కా, మొహం తిప్పుకుని పోతున్నావ్? రా, నీకోసం ఎనిమిదికే ఇస్తా!” వెర్లన్ చెయ్యెత్తి పలకరించి, కిటికీ దగ్గరికి పోయాడు. అదే అమ్మాయి.

“రెండు,” అన్నాడు. “కింద వరసల్లో.”

పక్క సీట్లో టోపీ పెట్టి కూర్చున్నాడు. ముప్ఫయ్యేళ్లలో మొదటిసారి ఖాళీ నేల చూశాడు, దీపాలు పడి నూనె రాసినట్టు మెరుస్తూ. పిల్లలు రావడం చూశాడు. పాట, పేర్లు. బంతి పైకి లేచింది. అతను ఆట చూడలేదు, గడియారం చూశాడు. రెండు నిమిషాలు గడిచేదాకా కళ్లు తిప్పలేదు. గడిచాక ఆట మామూలుగా సాగిపోయింది, ఎవరు గెలుస్తున్నారో అతనికి పట్టలేదు.

దారిలో దాణా కొట్టు దగ్గర ఆగితే ఎవరో అడిగారు, “ఎంతకి కొట్టుకొచ్చావు వెర్లన్?”

“పద్దెనిమిది,” అన్నాడు.

అందరూ పగలబడి నవ్వారు. వెర్లన్‌కి హాస్యం కూడా వచ్చిందన్నారు.

ఇంటికొచ్చేసరికి నొరీన్ సింకు దగ్గర ఉంది. అతను బూట్లు విప్పుకుని వెనక తలుపు దగ్గరే నిలబడ్డాడు.

“మొదలు చూశావా?” అంది వెనక్కి తిరగకుండా.

“చూశాను.”

“ఎట్లా ఉంది?”

వెర్లన్ టోపీ తీసి మేకుకి తగిలించాడు.

“బంతి ఎగరేసే ముందు, ఆ పిల్లలు ఒకసారి తలెత్తి పైకి చూస్తారు నొరీన్. వాళ్ల మనుషులు ఎక్కడ కూర్చున్నారో అని. ఒక్కడు కాదు, అందరూ చూస్తారు.”

నొరీన్ చేతులు నీళ్లలో ఆగిపోయాయి. కిటికీలోంచి కొట్టం గోడ, దాని మీద తుప్పు పట్టిన రింగు కనపడుతున్నాయి. కాసేపటికి ఆమె ఇంకో గిన్నె అందుకుంది.